చెయ్యి వేసే ముందు ఒక్క మాట



నాన్నకో అమ్మకో ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తుంది. ఇంట్లో అట్టపెట్టెలు బయటికి వస్తాయి. బడిలో టీసీ తీసుకుంటారు. రైలు దిగేసరికి కొత్త ఊరు, కొత్త క్వార్టర్, కొత్త బడి. మొదటి రోజు ప్రార్థన గంట కొట్టేసరికి ఏ వరుసలో నిలబడాలో తెలియదు. మంచినీళ్ల కుళాయి ఎక్కడుందో తెలియదు. ఎవరిని అడగాలో, ఏ భాషలో అడగాలో అసలే తెలియదు. మీలో చాలామందికి ఇది ఒకసారి కాదు, రెండు మూడు సార్లు జరిగే ఉంటుంది.

మాకూ ఇది కొత్త కాదు. మేమూ మీలాగే ఊళ్లు మారేవాళ్లమే. తెలుగు చెప్పుకుంటూ సికింద్రాబాద్ నుంచి ఖరగ్‌పూర్‌కు, అక్కడి నుంచి అండమాన్ దీవులకు, మళ్లీ ఇటు నేలమీదికి తిరుగుతూనే ఉన్నాం. వెళ్లిన ప్రతి బడిలోనూ మొదటి రోజు మేమూ కొత్తవాళ్లమే. స్టాఫ్ రూమ్ ఎటో తెలియక వరండాలో నిలబడి దిక్కులు చూసినవాళ్లమే.

అలా నిలబడినప్పుడు సాయం రెండు రకాలుగా వస్తుందని మేము గమనించాం. ఒకరు గబగబా వచ్చి చేతిలోని సంచి లాక్కుని, "రండి రండి, మీకేం తెలుసు, నేను చూపిస్తా" అంటూ ముందు నడుస్తారు. మనం వెనకాల పరుగెత్తాలి. ఇంకొకరు ఒక అడుగు దూరంలో ఆగి, "కొత్తగా వచ్చారా? స్టాఫ్ రూమ్ చూపించనా?" అని అడుగుతారు. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరి వల్లా స్టాఫ్ రూమ్ దొరుకుతుంది. కానీ మొదటివారితో వెళ్లినప్పుడు మనం ఒక సామానులా వెళ్తాం. రెండోవారితో వెళ్లినప్పుడు మనిషిలా వెళ్తాం. ఈ తేడా గురించే ఈసారి మీతో మాట్లాడాలని ఉంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మన బడుల్లో సాయం చేయమని చాలా చెబుతాం. ప్రతి గోడమీదా ఏదో ఒక సూక్తి రాసే ఉంటుంది. సాయం ఎలా అడిగి చేయాలో మాత్రం చెప్పం. లెక్కలు నేర్పినట్టే, అక్షరాలు నేర్పినట్టే, దీన్ని కూడా 1వ తరగతి నుంచే నేర్పాలి. సాయం చేయడం మంచి బుద్ధి. అడిగి చేయడం మర్యాద. మర్యాద లేని సాయం ఒక్కోసారి నొప్పి పెడుతుంది.

ఈ మాట మాకు పుస్తకాల్లో దొరకలేదు. మేము చేసిన ఒక పొరపాటు వల్ల తెలిసింది.

కొన్నేళ్ల కిందట మేము పనిచేసిన ఒక బడిలో 2వ తరగతిలోకి ఒక బాబు కొత్తగా చేరాడు. కాలికి కాలిపర్ వేసుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని నడిచేవాడు. తరగతి మేడమీద ఉండేది. వాడు మెట్లెక్కడం చూసి మా మనసు కరిగింది. వెంటనే ఒక జాబితా తయారుచేశాం. సోమవారం ఒకరు, మంగళవారం ఒకరు, ఇలా రోజుకొకరు వాడి బ్యాగు మోయాలి. పిల్లలు ఎంత ఉత్సాహపడ్డారో చెప్పలేం. "మేడమ్ రేపు నేను, మేడమ్ ఎల్లుండి నేను" అని పోటీ పడ్డారు. ఉదయం అసెంబ్లీలో ఆ పిల్లల్ని ముందుకు పిలిచి చప్పట్లు కొట్టించాం. వరుసలో నిలబడ్డ ఆ బాబు ముఖం మాత్రం మేము చూడలేదు.

రెండు వారాలకు వాడు బడికి రావడం తగ్గించేశాడు. కడుపునొప్పి అంటున్నాడని వాళ్లమ్మ చెప్పారు. ఒకరోజు ఉదయం గంట కొట్టకముందే మేము మెట్ల దగ్గరికి వెళ్తే వాడు అక్కడున్నాడు. అందరికంటే ముందే వచ్చి, బ్యాగు వీపుకు తగిలించుకుని, ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. చెమట పట్టింది. మమ్మల్ని చూసి తప్పు చేసినవాడిలా ఆగిపోయాడు. "ఎందుకు నాన్నా, నీ బ్యాగు తేవడానికి ఫ్రెండ్స్ ఉన్నారు కదా?" అన్నాం. వాడు తల వంచుకుని, "మేడమ్, నా బ్యాగు నేనే మోస్తా. పాత బడిలో నేనే మోసేవాణ్ని" అన్నాడు.

ఆ క్షణంలో మాకు నోట మాట రాలేదు. వాడికి బ్యాగు బరువు కాలేదు. మా సాయమే బరువైంది. అందరి ముందూ చప్పట్లు కొట్టించి, "వీడు మోయలేడు" అని మేమే బడంతటికీ చాటాం. మొదటి రోజే వాణ్ని పక్కకు పిలిచి, "బ్యాగు ఎవరైనా పట్టుకోవాలా, నువ్వే తెచ్చుకుంటావా?" అని ఒక్క మాట అడిగి ఉంటే ఇదంతా జరిగేది కాదు. అడగడం మాకు తోచలేదు. ఎందుకంటే మాకూ చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు.

ఆ రోజే జాబితా చించేశాం. తర్వాత వాడినే అడిగాం. వాడు కోరింది రెండే. మెట్లెక్కేటప్పుడు వెనక నుంచి ఎవరూ తొయ్యకూడదు. వానాకాలంలో మెట్లు తడిగా ఉన్నప్పుడు మాత్రం ఎవరైనా పక్కన నడిస్తే బాగుంటుంది. అంతే. మేము చేసిన ఏర్పాటులో ఈ రెండూ లేనే లేవు.

ఇప్పుడు మన భాషలోకి వద్దాం. తెలుగు టీచర్లం కదా, అక్కడికి రాకుండా ఉండలేం.

"నేను మోస్తాను" అనే మాటకూ "నేను మోయనా?" అనే మాటకూ ఎంత తేడా ఉంది? రాతలో చూస్తే కాస్తంతే. అర్థంలో చూస్తే చాలా. "మోస్తాను" అంటే నిర్ణయం నాది. "మోయనా?" అంటే నిర్ణయం నీది. పెద్దవాళ్లతో ఇంకో అడుగు ముందుకు వెళ్లి "మోయమంటారా?" అంటాం. "మీరు మోయమని అంటేనే మోస్తాను" అని దాని అర్థం. తలుపు తట్టి బయట నిలబడటం లాంటిదది. ఇలా అడగడానికి వీలుగా మన భాషలోనే ఒక చక్కటి ఏర్పాటు ఉంది. వాడుకోవడమే మన వంతు.

ఇంకో ముచ్చట. ఇతరుల కోసం చేసే పనికి మనం "పెట్టు" అనే మాట చేరుస్తాం. రాసిపెట్టడం, తెచ్చిపెట్టడం, చూసిపెట్టడం, చేసిపెట్టడం. అన్నం పెట్టడంలో ఉన్న "పెట్టు" కూడా ఇదే. అన్నం పెట్టేటప్పుడు మన ఇళ్లలో ఎలా పెడతారో గుర్తుతెచ్చుకోండి. "ఇంకొంచెం వెయ్యనా?" అని అడుగుతారు. తినేవారు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఆగుతారు. చెయ్యి అడ్డం పెట్టినా గరిటెడు వేసేస్తే అది ప్రేమే కావచ్చు. కానీ తినలేక వదిలేసిన అన్నం ఎవరికీ సంతోషం ఇవ్వదు. సాయమూ వడ్డన లాంటిదే. ఎదుటివారి ఆకలి ఎంతో వాళ్లకే తెలుసు.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావాలి. "మా ఊళ్లో ఎవరూ ఇలా అడగరు మేడమ్! పెళ్లి జరిగితే పక్కింటివాళ్లు చెప్పకుండానే వచ్చి కూరగాయలు తరుగుతారు. అడిగితే 'మేమేమైనా పరాయివాళ్లమా' అని కోప్పడతారు" అని మీ అమ్మమ్మగారో తాతయ్యగారో అనవచ్చు. నిజమే. మేమూ అలాంటి ఊరినుంచి వచ్చినవాళ్లమే. కానీ ఆ పక్కింటావిడకు ఆ ఇంట్లో కత్తిపీట ఎక్కడుంటుందో తెలుసు. ఎవరికి నడుంనొప్పి ఉందో, ఎవరు ఏ పని ఇంకొకరిని ముట్టుకోనివ్వరో తెలుసు. 30 ఏళ్ల పరిచయం అది. అడగాల్సినవన్నీ ఆ ఏళ్లలో ఎప్పుడో అడిగేశారు.

మనకు ఆ 30 ఏళ్లు లేవు. రెండేళ్లకో మూడేళ్లకో ఊరు మారుతుంది. మన క్వార్టర్ పక్కన ఈ ఏడాది పంజాబ్ వాళ్లుంటే, వచ్చే ఏడాది కేరళ వాళ్లుంటారు. ఒకరి అలవాట్లు ఒకరికి తెలియవు. ఒక ఇంట్లో చెప్పులతో గుమ్మం దాటితే ఏమీ అనరు, ఇంకో ఇంట్లో బాధపడతారు. ఒక ఇంట్లో వంటగదిలోకి ఎవరైనా రావచ్చు, ఇంకో ఇంట్లో రాకూడదు. అందుకే మనకు ఆ ఒక్క ప్రశ్న కావాలి. పాత పరిచయం చేసే పనిని మనకు "చేయనా?" అనే చిన్న మాట చేసిపెడుతుంది.

మన కేంద్రీయ విద్యాలయాలు పుట్టిందే ఇలా ఊళ్లు మారే పిల్లల కోసం. 1962 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ పథకాన్ని ఆమోదించింది. 1963లో 20 రెజిమెంటల్ పాఠశాలలను తీసుకుని వీటికి శ్రీకారం చుట్టారు. ఎక్కడికి వెళ్లినా ఒకే పాఠ్యప్రణాళిక ఉంటుంది కాబట్టి చదువు మధ్యలో తెగిపోదు. కానీ స్నేహాలు తెగిపోతాయి. వాటిని ప్రతి ఊళ్లోనూ మళ్లీ మొదటినుంచి అల్లుకోవాలి. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని మన పెద్దలు అన్నది మనలాంటివాళ్లను చూసే అన్నారేమో అనిపిస్తుంది.

అందుకే మా సలహా ఇది. కొత్త ఊరికి వెళ్లినప్పుడు అక్కడి భాషలో మొదట నేర్చుకునే వాక్యాల్లో "నేను సాయం చేయనా?" ఒకటిగా ఉండాలి. హిందీలో "మై ఆప్‌కీ మదద్ కరూఁ?", తమిళంలో "నాన్ ఉదవట్టుమా?", కన్నడంలో "నాను సహాయ మాడ్లా?", మలయాళంలో "ఞాన్ సహాయిక్కట్టే?", మరాఠీలో "మీ మదత్ కరూ కా?", బెంగాలీలో "ఆమి కి సాహాజ్జో కోర్తే పారి?" అంటారు. ఇవన్నీ ప్రశ్నలే, గమనించారా? ఉచ్చారణ కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఖరగ్‌పూర్‌లో మా బెంగాలీ విని పక్కింటావిడ ముందు నవ్వారు. నవ్వాక కూరగాయల సంచి చేతికిచ్చారు. ఆ రోజు నుంచి మేము ఆ వీధివాళ్లమైపోయాం.

ఇక చిన్నపిల్లలకు దీన్ని ఎలా నేర్పాలి? 4, 5 తరగతుల వాళ్లు మీ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మీరే నేర్పవచ్చు. మేము తరగతిలో నాలుగు మాటలుగా చెబుతాం: చూడు, అడుగు, ఆగు, చెప్పినంతే చెయ్యి.

మొదటిది చూడటం. నిజంగా సాయం కావాలా? ఒకరు నెమ్మదిగా చేస్తున్నారంటే చేయలేకపోతున్నారని కాదు. షూ లేసు కట్టుకుంటున్న చెల్లెలికి ఐదు నిమిషాలు పట్టవచ్చు. ఆ ఐదు నిమిషాలూ ఆమె నేర్చుకుంటోంది. మనం వంగి టకటకా కట్టేస్తే బస్సు అందుతుందేమో కానీ, లేసు కట్టడం రేపు కూడా రాదు.

రెండోది అడగడం. "ఏమైనా సాయం కావాలా?" అనే ప్రశ్న మంచిదే కానీ మరీ పెద్దది. దానికి చాలామంది "ఏం వద్దులే" అంటారు. చిన్నగా, ఫలానా పని అని అడగాలి. "ఈ సంచి ఒకవైపు నేను పట్టుకోనా?", "ఈ తలుపు తీసి పట్టుకోనా?", "నిన్న నువ్వు రాలేదు కదా, నోట్సు ఇవ్వనా?" ఇలా అడిగితే ఎదుటివారికి జవాబు చెప్పడం తేలిక.

మూడోది ఆగడం. ఇదే అన్నింటికంటే కష్టం. అడిగేసి జవాబు రాకముందే పని మొదలుపెట్టేస్తే అడగనట్టే లెక్క. నోరు "పట్టుకోనా?" అంటుంటే చెయ్యి సంచి లాగుతుంటే ఎలా? చేతులు వెనక్కి కట్టుకుని అడగమని మేము 1వ తరగతి పిల్లలకు చెబుతాం. నవ్వుకుంటూ నేర్చుకుంటారు.

నాలుగోది, చెప్పినంతే చేయడం. పుస్తకాలు బల్లమీద పెట్టమంటే బల్లమీదే పెట్టాలి. బల్ల సర్ది, సొరుగు తెరిచి, "ఇదేంటి ఇంత చిందరవందరగా ఉంచుకున్నావు" అనకూడదు. చేశాక ఊరంతా చెప్పుకోకూడదు.

మరి వాళ్లు "వద్దు" అంటే? ఇక్కడే మన తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. దాని పేరు మొహమాటం. మన ఇళ్లలో మొదటిసారి అనే "వద్దులెండి" చాలాసార్లు నిజమైన "వద్దు" కాదు. కావాలని ఉంటుంది, అడగడానికి నోరు రాదు. "అడగందే అమ్మైనా పెట్టదు" అనే సామెత కూడా మనదే, అడగలేని మొహమాటమూ మనదే. అందుకని మేము పిల్లలకు ఇలా చెబుతాం. మొదటి "వద్దు" విన్నాక నవ్వుతూ ఒక్కసారి, ఒక్కసారి మాత్రమే, మళ్లీ అడగవచ్చు: "నాకేం ఇబ్బంది లేదండీ, పట్టుకోనా?" రెండోసారి కూడా వద్దంటే అది వద్దే. "సరేనండీ, కావాలంటే పిలవండి" అని పక్కకు జరగాలి. అలగకూడదు. "పొగరు చూడు" అనుకోకూడదు. వాళ్లు మన సాయాన్ని వద్దన్నారు, మనల్ని కాదు.

తరగతిలో దీనికి చిన్న నాటిక వేయిస్తాం. ఒకరు పుస్తకాల కట్టతో వస్తారు. ఇంకొకరు అడుగుతారు. మొదటివారు "వద్దు" అనాలి. అప్పుడు రెండోవారు ముఖం మాడ్చుకోకుండా "సరే" అనాలి. పెద్ద పెద్ద పద్యాలు గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా ఈ ఒక్క "సరే" దగ్గర తడబడతారు. మాకూ అది ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

వైకల్యం ఉన్నవారి విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో కొన్ని కంటికి కనిపించవు. కాబట్టి ఒకరిని చూసి వాళ్లకేం కావాలో మనమే ఊహించేసుకోకూడదు. ఏటా అక్టోబరు 15న తెల్లకర్ర భద్రతా దినం జరుపుతారు. ఆ రోజు అసెంబ్లీలో ప్రసంగం చదివితే సరిపోదు. ఈ నాలుగు సంగతులు తెలియాలి.

చూపులేనివారు రోడ్డు దాటడానికి నిలబడితే, ముందు మాట్లాడాలి. "నమస్కారమండీ, రోడ్డు దాటాలా? తోడు రానా?" అనాలి. అవునంటే మన చెయ్యి వాళ్లకు అందించాలి. వాళ్లు మన మోచేతి పైభాగం పట్టుకుంటారు. మనం అర అడుగు ముందు నడవాలి. మెట్టు వస్తే "పైకి మెట్టు", "కిందికి మెట్టు" అని చెప్పాలి. వాళ్ల కర్రను పట్టుకుని లాగకూడదు. వెనకనుంచి తొయ్యకూడదు. వెళ్లేటప్పుడు "వెళ్తున్నానండీ" అని చెప్పాలి, లేకపోతే పక్కన ఎవరూ లేకున్నా ఉన్నారనుకుని మాట్లాడుతూ ఉండిపోతారు.

చక్రాల కుర్చీలో ఉన్నవారి కుర్చీని అడగకుండా తొయ్యడం అంటే, నడుస్తున్న మనిషిని భుజాలు పట్టుకుని నడిపించడం లాంటిదే. వినికిడి లేనివారితో మాట్లాడేటప్పుడు ముఖం కనిపించేలా ఎదురుగా నిలబడాలి, అరవక్కర్లేదు. ఎవరితోనైనా తోడు వచ్చినవారు ఉంటే, "ఈయనకేం కావాలి?" అని తోడువారిని అడగకూడదు. ఆయన్నే అడగాలి. ఆయన అక్కడే ఉన్నారు కదా!

మన బడిలోనే ఇంకొందరున్నారు. తరగతి ఊడ్చే ఆయమ్మ, గేటు దగ్గరి వాచ్‌మన్ అంకుల్. వాళ్లకు మనం సాయం చేయాలని ఎప్పుడైనా అనుకున్నామా? ఆయమ్మ చీపురు పట్టుకుని రాగానే, "కుర్చీలు పక్కకు జరపమంటారా అమ్మా?" అని అడిగి చూడండి. అడిగితే ఆమె ముఖం ఎలా మారుతుందో మీరే చూస్తారు. మర్యాద పెద్ద ఉద్యోగాల వాళ్లకు మాత్రమే చూపించేదైతే అది మర్యాద కాదు.

అన్ని వేళలా అడుగుతూ కూర్చోవాలా అంటే, కాదు. చిన్న తమ్ముడు వేడి గిన్నె మీద చెయ్యి వేయబోతుంటే "ఆపనా?" అని అడగం కదా! ప్రమాదం కళ్లముందుంటే ముందు గట్టిగా అరిచి పెద్దవాళ్లను పిలవాలి. రోడ్డు ప్రమాదమో మంటలో చూస్తే మీరు దగ్గరికి వెళ్లవద్దు. పెద్దవాళ్లకు చెప్పండి, 112కు ఫోన్ చేయించండి. ప్రమాదంలో ఉన్నవారిని మంచి మనసుతో ఆదుకునేవారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ ఇస్తోంది కాబట్టి పెద్దలు కేసుల భయంతో వెనకాడాల్సిన పని లేదు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. సాయం పేరు చెప్పి పిల్లల్ని మోసం చేసేవాళ్లు ఉంటారు. తెలియని పెద్దవాళ్లు ఎవరైనా "బాబూ, నా కుక్కపిల్ల తప్పిపోయింది, వెతికిపెడతావా? నాతో రా" అంటే వెళ్లకూడదు. నిజంగా సాయం కావాల్సిన పెద్దవారు పెద్దవారినే అడుగుతారు. "మా మేడమ్‌ను పిలుస్తాను ఉండండి" అని చెప్పి లోపలికి వచ్చేయడం అమర్యాద కాదు. మీకు ఏ ఇబ్బంది వచ్చినా, పిల్లల కోసం 1098 అనే ఉచిత ఫోన్ నంబరు ఉందని గుర్తుంచుకోండి.

సాయం పొందడంలోనూ మర్యాద ఉంది. అక్కర్లేకపోతే చెయ్యి విదిలించుకోకుండా, "ఫరవాలేదండీ, నేను చేసుకుంటాను" అనవచ్చు. పుచ్చుకుంటే సంతోషంగా పుచ్చుకోవాలి. మన ఇళ్లలో "కృతజ్ఞతలు" అని ఎవరూ అనరు, అది పుస్తకాల మాట. "చల్లగా ఉండు నాయనా" అని అమ్మమ్మలంటారు. మీరు "థాంక్స్ అక్కా", "థాంక్స్ అన్నా" అన్నా చాలు. వరుస పెట్టి పిలిస్తే ఆ మాటకు ఇంకాస్త తీపి చేరుతుంది.

చివరిగా మా తోటి టీచర్లకూ, తల్లిదండ్రులకూ ఒక మాట. కబ్, బుల్‌బుల్ పిల్లలకు రోజుకొక మంచి పని చేయమని చెబుతాం. డైరీలో రాయిస్తాం. మంచిదే. ఆ డైరీలో ఇంకో గడి చేర్చమని మా మనవి: "అడిగానా? వాళ్లేమన్నారు?" సాయం చేసినందుకు స్టార్లు ఇవ్వడం, అసెంబ్లీలో చప్పట్లు కొట్టించడం తగ్గిద్దాం. చప్పట్ల కోసం సాయం చేసే పిల్లవాడికి సాయం అందుకునేవాడు కనిపించడు. ఇది మేము అనుభవించి చెబుతున్న మాట. పిల్లలు మన గోడల మీది సూక్తులు చదివి నేర్చుకోరు. మనం ప్యూన్‌ను ఎలా పిలుస్తామో, ఇంట్లో పనిచేసే అమ్మాయితో ఎలా మాట్లాడతామో చూసి నేర్చుకుంటారు.

ఆ బాబు సంగతి చెప్పి ముగిస్తాం. అదే ఏడాది చివర్లో ఒకరోజు మేము రెండు చేతుల నిండా కాపీలతో మేడ దిగుతున్నాం. వాడు మెట్ల మధ్యలో ఉన్నాడు. ఆగి, గోడకు ఆనుకుని, "మేడమ్, కొన్ని నేను పట్టుకోనా?" అన్నాడు.

మా నోటిదాకా "వద్దు నాన్నా, నీకెందుకు శ్రమ" అనే మాట వచ్చేసింది. వచ్చి ఆగింది. వాడు చెయ్యి ముందుకు పెట్టలేదు. అడిగి, జవాబు కోసం నిలబడి ఉన్నాడు. మేము నేర్పినట్టే. పై నుంచి ఐదు కాపీలు తీసి ఇచ్చాం. వాడు వాటిని చంకలో పెట్టుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని, మా పక్కన ఒక్కో మెట్టూ దిగాడు. మేమూ వాడి నడకతోనే దిగాం. స్టాఫ్ రూమ్ చేరేసరికి గంట కొట్టేశారు. మేము ఆ రోజు తర్వాతి తరగతికి ఆలస్యంగా వెళ్లాం.

తర్వాతి ఏడాది వాళ్ల నాన్నకు బదిలీ అయింది. మాకూ అయింది. వాడిప్పుడు ఏ ఊళ్లో, ఏ బడి మెట్లు ఎక్కుతున్నాడో తెలియదు. అక్కడ మీలో ఎవరైనా వాడి తరగతిలో ఉండవచ్చు. వాడు కాకపోయినా, అలాంటి ఒకరు మీ తరగతిలోకి రేపో మాపో కొత్తగా వస్తారు. వాళ్ల బ్యాగు మీద చెయ్యి వేసే ముందు ఒక్క మాట అడగండి.